వంటోడి రెక్కలు

ఒరే వినోదూ, కాసేపా కుంచె ఆపు. ఏటన్నావ్, పేర్లన్నీ అయిపోయాయా? పటాలంలో పన్జేసినోల్ల రాయి కదరా ఇది, మరి మా ఎర్రన్న పేరేదీ? ఆడు సిపాయి కాదా? ఒట్టి వంటోడా? ఎవుడు సెప్పాడ్రా నీకా మాట? ...నానా? సరే, నానే సెప్పుంటాను. ఈ భావనపాడులో పనికిమాలిన మాట ఏది పుట్టినా నా నోట్లోంచే పుడతాది. సర్పంచి చినబాబు కూడా వంటోల్లకి సోటు లేదన్నాడా? అయితే నానీ గట్టు మీంచి లెగను. నీ రంగు డబ్బా నా కాల్ల సందున ఉన్నాది, సూసుకో. ఎర్రన్న పేరు పడితేగాని ఇవ్వను. కూకో. బీడీ వద్దు, డాకటరు మానీమన్నాడు... సర్లే, ఒకటియ్యి.

ఎర్రన్న పన్జేసిన పటాలం సంగతి నీకేటి తెలుసు? పూర్వం అది ఎవరో రాజుగారి కావలి పటాలమంట. ఆరడుగుల మనిషయితేనే తీసుకునీవోరు. కోట తలుపు కాడ బల్లెం అట్టుకుని నిలబడాల, అదీ పని. తరవాత రాజ్యాలు పోయాయి. రాజుగారే మామూలు మనిషయిపోతే కావలోల్లేటైపోతారు? పెబుత్వం ఆల్లకి గాల్లోంచి దిగీ గొడుగులిచ్చి ఇమానం ఎక్కించీసింది. ఎర్రన్న అనీవోడు, "ఒరే జోగీ, మావోల్లు అప్పుడూ తలుపు కాడే, ఇప్పుడూ తలుపు కాడే. కాపోతే ఇప్పుడా తలుపుకి మెట్లు లేవు" అని. యుద్ధమొస్తే శత్రువుల ఎనకాల దిగాల. వంతెనో, గుట్టో ఏదోటి అట్టుకోవాల. మనోల్లొచ్చీదాకా వదలకూడదు. మరి దిగినోల్లకి కూడెవుడొండుతాడు? అంచేత ఆ పటాలంలో వంటోడూ దూకాల్సిందే, బట్టలుతికీవోడూ దూకాల్సిందే, గెడ్డాలు గీసీవోడూ దూకాల్సిందే.

ఎక్కడున్నాను? ఆఁ, కొలతలు. పటాలంలో సేరతామని ఎల్తే ఇశాపట్నంలో మా ఇద్దరికీ కొలిచారు. ఎర్రన్న నా బుజం కిందకొస్తాడు. "పొట్టోడా, నువ్వు వంటకి పో" అన్నారు. నన్ను సిపాయిగా రాసుకున్నారు. ఏటలా సూస్తావు? అవున్రా, రాసుకున్నారు! సాతీ అంగుళం తగ్గిందని యాభై ఏల్లుగా మీ అందరికీ సెప్తన్నాను సూడు, అది అబద్దం. ఇద్దరం రైలెక్కాం. బండి ఉత్తరానికెల్తన్నాది. నౌపడ కాడ నెమ్మదయ్యింది. ఉప్పుమడులు కనపడ్డాయి, మనూరి గాలి ముక్కుకి తగిలింది, మాయమ్మ పెట్టీ సేపల పులుసు గేపకమొచ్చింది. దూకీసినాను. మా ఇద్దర్లో ముందు దూకినోడ్ని నానే మరి. గొడుగు కూడా లేదు!

ఆడు ఎల్లిపోయాడు. మొదటిసారి ఇమానం తలుపు కాడ కాల్లు బిగిసిపోయాయంట. ఇంకోసారి ఆగితే పటాలంలోంచి పంపీడమే. రొండోసారి నిలబడ్డప్పుడు ఆడికి పడవ గుర్తొచ్చింది. ఒడ్డు కాడ మనమేటి సేస్తాం? పెద్ద కెరటం ఇరిగి, ఇంకోటి లెగకముందే తోసీయాల. ఆలోచిస్తే పడవ తిరగబడతాది. దూకమని పచ్చదీపం ఎలిగింది, ఈడు "తొయ్!" అనరిసి ఎల్లిపోయాడు. కింద ఒకటే గాలి. ఆరడుగులోల్లందర్నీ గొడుగులు బీడులో ఈడ్సుకుపోతన్నాయి, వల్లో పడ్డ సేపల్లాగ. ఎర్రన్నొక్కడూ లెగిసి, వల సుట్టినట్టు గొడుగుని మోచేతికి సుట్టీసినాడు. అంతటితో ఆగాడా? అలవాటు కదా, ఇప్పి దులిపి, ఏటైనా పడ్డాదేమోనని లోపలికి తొంగి సూసాడంట! నేర్పించీ ఉస్తాదు నవ్వలేక సచ్చాడు. ఆనక మిగతావోల్లందర్నీ వరసలో నిలబెట్టి, "గొడుగు ఎలా సుట్టాలో ఈ వంటోడి కాడ నేర్సుకోండి" అన్నాడంట.

సెలవుకొచ్చాడు. ఎర్ర టోపీ, రొమ్ము మీద కుట్టిన రెక్కలు. ఒడ్డు మీద ఊరంతా మూగింది. ఆడపిల్లలు కూడా. నాకు కడుపు మండిపోయింది. "వంటోడికి రెక్కలేట్రా, కూరకి కోసిన కోడివా?" అన్నాను. ఒలమ్మా, ఏటి నవ్వు! ఆడు దూకాడంటే ఎవులూ నమ్మలేదు. ఆడు నా కల్లల్లోకి సూసాడు. రైలు సంగతి ఆడొక్కడికే తెలుసు. ఒక్క ముక్క అంటే నాను ఆ రోజే సముద్రంలో పడిపోవాల. అన్లేదు. ఆడూ నవ్వాడు. సచ్చీదాకా అన్లేదురా. ఊరు మాత్రం ఆడ్ని వంటోడనే కాటికి మోసుకెల్లింది.

...పొగ, ఏటీ లేదు. కల్లల్లోకెల్లింది.

ఇదిగో ఆడి పటాలం కాయితం. ఆడి కోడలు బుల్లమ్మ పెట్టిలోంచి తెచ్చాను. సదువు. ఎన్ని దూకుల్లు? నలబైమూడా... నాదొక్కటే. చినబాబు అడిగితే జోగయ్య రైల్లోంచి దూకి పారొచ్చీసినాడని సెప్పు. రాయి తెరిసీ రోజు మైకులో సెప్పినా పరవాలేదు, నాను పక్కనే నిలబడతాను. ఇంద డబ్బా. రాయి. ఎ... ఆఁ, అల్లాగ. పక్కన ఏటి రాయాలా? వంటోడనే రాయి, పెద్ద అక్షరాల్తో. దాని మీద రెక్కలెయ్యి. సూడూ, కోడిరెక్కల్లాగుంటే ఊరుకోను.

...పడవలొచ్చినట్టున్నాయి. ఏటైనా పడ్డాదేమో సూసొస్తాను.