నన్ను నేనే దీవించుకున్న

“అవ్వా, గుండె దడదడ అంటుందని దవాఖానకు తిరిగినవ్ కదా, ఇప్పుడెట్లుంది?” అని పక్కింటి శ్రావణి అడిగింది.

ఇప్పుడా? ఇప్పుడు మంచిగనే ఉన్న బిడ్డా. ఏంది, నా మాటలు ఫోన్‌ల పడుతున్నయా? పడనియ్, పడనియ్. మంచిగున్న అని చెప్పుకోను నాకు గిన్ని దినాలు పట్టింది.

మీ తాత పోయినంక మొదలైంది ఇది. ఆయన పోయిన ఏడాదికి... కాదు కాదు, పోయిన్నాటిసందే. పొద్దున పాలకు పోయిన మనిషిని, మన ఊరి మీదికెళ్లి పోయే బెంగుళూరు రోడ్డు దాటుతుంటే బండి గుద్దింది. మేం కాపురం పెట్టిన్నాడు ఆ రోడ్డు మీద ఎడ్లబండ్లు పోయేటియి. మైలార్‌దేవ్‌పల్లి మా అమ్మగారింటికి బస్సుల రూపాయి టికెట్. మా చిన్నమ్మ ఆ రూపాయి గూడ ఇయ్యక కండక్టర్‌తోని కొట్లాడేది. సరే, ఆమె ముచ్చట ఇడిసిపెట్టు.

ఇగ అప్పటిసంది ఇంట్లకెళ్లి ఎవరు బయటికి పోయినా నా పానం గుంజుకపోయేది. నా కొడుకు రమేష్ ఏర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతడు కదా, వాడు గల్లీ దాటంగనే ఫోన్ చేసేదాన్ని. ఎత్తకుంటే చెమటలు, గుండె దడదడ. దవాఖానకు పోతే, గుండె మంచిగున్నది, గాబరా ఎక్కువున్నది అన్నడు డాక్టరు. గాబరా లేకుంటే దవాఖానకెందుకొస్త? ఒకనాడు నా ఫోనే ఎత్తబోయి వాడు బండిని డివైడర్‌కు గీకిచ్చిండు. వానికేం కాలే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని ఎప్పటి లెక్కనే బువ్వ తిన్నడు. తిట్టినా మంచిగుండేది. నా భయంతోని నా కొడుకును నేనే సంపుకుంటున్ననా అని శానా ఏడ్చిన.

అప్పుడు మా కోడలు తుక్కుగూడ దిక్కు తీస్కపోయింది. ఆడ బుద్ధుని ధ్యానం నేర్పిస్తరు. నేర్పే అమ్మ గుండు చేయించుకొని, మెరూన్ రంగు బట్టలు కట్టుకున్నది. తిరుపతికి పోయొచ్చినవా అని అడిగిన నేను. నవ్వింది పాపం. ఊపిరి లోపలికి పోతది, బయటికొస్తది, గది చూడుమన్నది. గాబరా వస్తే దాన్ని ఎళ్లగొట్టకు, వచ్చింది అనుకో, మళ్ల ఊపిరి కాడికి రా అన్నది. మా ఇంటి మీదికెళ్లి ఊకె ఇమానాలు పోతయి, ఏం ధ్యానమమ్మా అంటే, అది వస్తది, పోతది, దాన్ని గూడ ఇనుమన్నది. జర నయమైంది గానీ, పూర్తిగ కాలే.

ఇంకోటి గూడ నేర్పింది, కరుణ అని. కండ్లు మూసుకొని ముందుగాల నీకు మంచి కోరుకో, ఆ తర్వాత నీవాళ్లకు, తెలియనోళ్లకు, ఆఖరుకు నీకు సరిపడనోళ్లకు. మనిండ్లల్ల ఆడోళ్లు ముందుగాల తినుడు ఎన్నడన్న చూసినవా? నేను నన్ను ఇడిసిపెట్టిన. కొడుకు, కోడలు, మరిది, బాలాపూర్ ఆడిబిడ్డ, ఆమె పిల్లలు... పెండ్లి పత్రికలు పంచినట్టు అందరిని తిరిగొచ్చేటాలకు గంట కొట్టేది. మీ తాతను గుద్దినోనికి గూడ కోరిన. అది ఒక్కనాటితోని కాలే. వాని వంతు రాంగనే కోపమొచ్చి కండ్లు తెరిచేదాన్ని.

మూడు నెలలైనంక ఆ అమ్మ అడిగింది, నీకు నువ్వేం కోరుకుంటున్నవ్ అని. నన్ను నేను ఇడిసిపెట్టినమ్మా అన్న. చిన్నప్పుడు నువ్వు కాళ్లు మొక్కితే పెద్దోళ్లు ఏమనేటోళ్లు అన్నది. సల్లంగుండు బిడ్డా అనేటోళ్లు అన్న. అంటుంటేనే ఏడుపొచ్చింది. మా అమ్మ పోయింది, అత్త పోయింది, ఆఖరుకు మా పెద్దక్క గూడ పోయింది. అందరు నా కాళ్లు మొక్కేటోళ్లే, నన్ను సల్లంగుండుమనేటోళ్లు ఒక్కరు లేరు. ఆడ్నే నా నెత్తి మీద నా చెయ్యే పెట్టుకున్న. సల్లంగుండు లక్ష్మమ్మా అనుకున్న. సిగ్గయింది, ఎవరన్న చూస్తున్నరా అని ఒక కన్ను తెరిచిన గూడ.

గాబరా మొత్తం పోలే బిడ్డా, అబద్ధమెందుకు. వస్తది. వచ్చినవా, కూసో అంట. మొన్న రమేష్ పొద్దుగాల పోయి మధ్యాహ్నం దాక ఫోన్ చెయ్యలే. నేను చెయ్యలే. చిక్కుడుకాయలు ఒలుసుకుంట ఊపిరి చూసుకున్న, మధ్యల నెత్తి మీద చెయ్యి పెట్టుకున్న. వాడొచ్చి, ఏందమ్మా ఇయ్యాల ఒక్క ఫోన్ గూడ లేదు, పానం మంచిగుందా అని వాడే పరేషాన్ అయిండు. ఎంత నవ్వినమో ఇద్దరం.

నీకు గూడ పరీక్షలంటే దడొస్తదని మీ అమ్మ చెప్పింది. రేపటిసంది రా, ఊపిరి చూసుడు నేర్పిస్త. నెత్తి మీద చెయ్యి మాత్రం నువ్వు పెట్టుకోకు, నీకింకా ఆ అవసరం రాలే. నేనున్న కదా. జర ఇట్ల వంగు. సల్లంగుండు బిడ్డా, నూరేండ్లు...