గడువు తీరే రోజున మా కల్వర్టు

అధ్యక్షత వహించిన ఎంపీడీవో గారూ, మోకాలి నొప్పి తగ్గిందా? లేచేటప్పుడు చూశాను, కాస్త మెల్లగా లేవండి. సర్పంచ్ సుశీలమ్మా, బీపీ బిళ్ళ వేసుకున్నావా? కంట్రాక్టరు తన్వీర్ బాబూ, నీ నడుము ఎలా ఉంది? ఇక, ఇవాళ రిటైరవుతున్న మా పంచాయతీ సెక్రటరీ సుధాకర్ గారి షుగరు సంగతి నేను అడగను. రెండో లడ్డూ తీసుకోవడం కళ్ళారా చూశాను. (నవ్వులు)

మార్తమ్మ చేతికి మైకిస్తే వాగు మీద కల్వర్టు గురించే మాట్లాడుతుందని మీ అందరికీ తెలుసు. వాన పడితే నా మనవరాలు ప్రిస్కిల్లా ఆ నీళ్ళలోంచే బడికి పోవాలి. తిరిగొచ్చేదాకా నేను గట్టునే ఉంటాను. నాలుగేళ్ళ కిందట గ్రామసభలో సుధాకర్ గారు బడ్జెట్ చదువుతూ కల్వర్టుకు ఆరు లక్షలు కేటాయించామన్నారు. ఇంకేముంది, ఆ ఆదివారమే పాస్టరు గారిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టి, కాలనీ మొత్తానికీ కోడికూర వండించాను. ఈయన కూడా వచ్చి, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కున్నాక చెప్పారు.

"మార్తమ్మా, కేటాయించడమంటే కాగితం మీద రాయడమే. డబ్బులింకా రాలా."

"ఆ ముక్క తినకముందు చెప్తే ఏం పోయిందయ్యా?"

"చెప్తే కూర వండేదానివా?" (నవ్వులు)

ఆ మార్చి నెలాఖరుకు డబ్బు రాకుండానే మురిగిపోయింది. తర్వాత రెండేళ్ళూ అంతే, రాయడం, మురిగిపోవడం. ఇంత పెద్ద దేశం బాగుపడుతూ బాగుపడుతూ మన వాగు దాకా రావడానికి ఆలస్యమవుతోందేమోనని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకున్నానే గానీ ప్రతి సోమవారం ఆఫీసుకు పోయేదాన్ని. "మళ్ళీ ఏందమ్మా?" అని ఈయన విసుక్కుంటూనే నాకు కుర్చీ జరిపేవారు. ఒక్కనాడూ నన్ను నిలబెట్టి మాట్లాడలేదు. రేపటి నుంచి ఎవరు జరుపుతారో నాకు తెలియదు.

ఈ ఏడు డబ్బు విడుదలైంది. తన్వీర్ బాబు తూములు వేశాడు, పైన కాంక్రీటు మిగిలింది. వేసినంతకు బిల్లు ఈ సాయంత్రంలోగా పాసవ్వకపోతే అతను పని ఆపేస్తాడు, అతన్నీ అనడానికి లేదు. సుధాకర్ గారి ఉద్యోగమూ, ఆ డబ్బు గడువూ ఇవాళే తీరుతున్నాయి. ఏమయ్యా, బిల్లు పంపారా?

(సుధాకర్ గారు వేదిక మీద నుంచే: "పొద్దున్నే పంపానమ్మా. ఇంకా పాసవలా.")

ఇందాకటి నుంచి మెడలో దండతో ఫోను చూసుకుంటుంటే, మా మాటలు విసుగనుకున్నాను. దిగులు నా ఒక్కదానిదే కాదన్నమాట.

అందుకని ఒక్క మాట తీసుకుంటాను. బిల్లు పాసయినా కాకపోయినా, కొత్త సెక్రటరీ అపర్ణమ్మను మీరే వెంటబెట్టుకొచ్చి ఆ వాగు చూపించాలి. కాగితం చూస్తే దాని లోతు ఆ అమ్మాయికి తెలియదు. ఆయన తలూపారు, అందరూ చూశారుగా.

విన్నందుకు అందరికీ వందనాలు, ఇక నాకు సెలవిప్పించండి. సుధాకర్ గారూ, అపర్ణమ్మను వాగు దగ్గరికి తీసుకురావాల్సింది ఏప్రిల్ పన్నెండు, ఆదివారం, ఆరాధన అయ్యాక పదకొండింటికి.