బడి తాళంచెవి

"బడి తాళంచెవి ఇప్పటికీ మీ ఇంట్లోనే ఎందుకుంది మామ్మగారూ?"

ఎందుకంటే ఏం చెప్పనమ్మా, సమితి కాలం నాటి పద్ధతి. కూర్చో పంతులమ్మా, మజ్జిగ తాగు. అప్పుడు బళ్ళు పంచాయతీ సమితి కింద ఉండేవి. మా మామగారు ఊరి ప్రెసిడెంటు. బడి అజమాయిషీ ఆయనదే కాబట్టి తాళంచెవి మా దూలానికి, కాదులే, వాకిలి పక్కన మేకుకి తగిలించేవాళ్ళు. నేను కాపరానికొచ్చేసరికే అది అక్కడుంది. రోజూ పొద్దున పంతులుగారొచ్చి అడిగితే నేనే అందించేదాన్ని.

ఇంకో సంగతుంది, నవ్వకు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండేటప్పుడు మబ్బు పట్టిందా, ఊరంతా మా ఇంటికే పరుగు. బడి తాళం తీసి బస్తాలన్నీ లోపల పడేసేవాళ్ళు. మర్నాడు పిల్లలకి తుమ్ములే తుమ్ములు, ఇంక పాఠం ఎక్కడిది? పంతులుగారు కండువా ముక్కుకి కట్టుకుని ఎక్కాలు చెప్పించేవారు పాపం. బలే రోజులమ్మా అవి.

తర్వాత సమితులు పోయి మండలాలొచ్చాయి. మామగారూ పోయారు, మా ఆయనా పోయారు. తాళంచెవి మాత్రం ఆ మేకుకే ఉంది. ఒకసారి ఎవరో ఆఫీసరొచ్చి, ఇదేం పద్ధతి, హెడ్మాస్టరు దగ్గరుండాలి అన్నాడు. సరేనని హెడ్మాస్టరుకే ఇచ్చేశా, ఆయనదేమో చీరాల. ఓరోజు బస్సు తప్పిపోయింది, పిల్లలు మధ్యాహ్నందాకా ఎండలో నిలబడ్డారు. మర్నాడు ఆయనే తెచ్చి మళ్ళీ మేకుకి తగిలించి పోయాడు. అట్లా ఉండిపోయిందన్నమాట. మార్చమని చెప్పేవాళ్ళు బస్సులో వచ్చి బస్సులో పోతారు, ఊళ్ళో ఉండేది మేమేగా.

ఇప్పుడు నువ్వు ఊళ్ళోనే ఇల్లు తీసుకున్నావు. కాయలకి టార్పాలిన్ పట్టలున్నాయి, కోల్డ్ స్టోరేజీలున్నాయి. నీకిచ్చేయమనడం సబబే. కానీ నాకే మనసొప్పట్లేదు పంతులమ్మా. చూడూ, బీరువా తాళాలు కోడలి దగ్గరుంటాయి. పొలం సంగతులు కొడుకు చూసుకుంటాడు. వాళ్ళు నన్ను బాగానే చూస్తారు, అది కాదు. ఈ ఇంట్లో నన్నడిగి తీసుకునే వస్తువు ఇదొక్కటే. పొద్దున్నే తల దువ్వుకుని అరుగు మీద కూర్చునేది దానికోసమే.

సరేలే, ఇదిగో, తీసుకో. పిల్లలకి నాలుగక్షరాలు బాగా చెప్పు, చల్లగా ఉండు తల్లీ. సెలవు పెట్టి మీ ఊరెళ్ళే రోజున మాత్రం ఎవరికిచ్చి పోతావు? ఆ మేకు పీకించనులే, అక్కడే ఉంటుంది...