తలుపు వేసి అడిగితే

తలుపెందుకు వేశారు మేడం? అయ్యయ్యో, గడియ కూడానా! బయట మా తమ్ముడున్నాడండీ. వాడి మొహం మీదే వేసినట్టయింది. అసలే వాడికి ముక్కు మీద కోపం. ఇంటికెళ్ళాక "లోపల ఏం మాట్లాడావక్కా?" అని అడగడు. అడిగితే ఎంత బాగుండు! అడక్కుండా మొహం పక్కకి తిప్పుకుంటాడు. నాకదే భయం.

రూలా? కొత్తగా పెట్టారా? ఆడమనిషి పుట్టింట్లో తన వాటా వదులుకుంటానని సంతకం పెట్టడానికొస్తే, వెంట వచ్చినవాళ్ళని బయట కూర్చోబెట్టి, లోపల ఆమెనొక్కదాన్నే అడగాలా, "ఇది నీ ఇష్టంతోనేనా?" అని? రిజిస్ట్రాఫీసు వాళ్ళు మా మంచికే పెట్టి ఉంటారులెండి. ఆ గోడ మీద బొమ్మ కూడా బాగుంది. ఇంటి తాళంచెవి పట్టుకుని ఎంత నవ్వుతోందో ఆవిడ! ఆవిడకి తమ్ముళ్ళు లేరేమో.

ఛ, ఊరికే అన్నాను. అది రాసుకోకండి.

నా ఇష్టమంటే... ఏం చెప్పనండీ. బట్టలు కుట్టుకునేదాన్ని. మా వీధిలో ఆడవాళ్ళందరి ఇష్టాలూ నాకు కంఠతా వచ్చు. మెడ ఎంత లోతు, చేతులు ఎందాకా, హుక్కులు ముందా వెనకా, అన్నీ అడిగి అడిగి కుడతాను. నన్ను మాత్రం ఎవరూ ఏదీ అడగలేదు. ఇవాళ మీరు ఠక్కున అడిగితే ఎక్కడని వెతుక్కోను?

ఇల్లు మా నాన్న కట్టిందండీ. మా ఆయన పోయాక కుట్టుమిషనొక్కటి వెంటేసుకుని వచ్చి వెనక గదిలో దిగాను. కిటికీ పక్కనే మిషను. పొద్దున్నే వెలుగంతా సూది మీద పడుతుంది. పడుకోవాలంటే కాళ్ళు మిషను కిందకి చాపాలి. అంతే గది. నాకది చాలు. కిటికీలోంచి కొలత జాకెట్టు అందించి పోతారు, నేను కుట్టి మళ్ళీ కిటికీలోంచే ఇస్తాను. నా తిండీ నా బతుకూ అందులోనే.

తమ్ముడు చెడ్డవాడని మాత్రం అనుకోకండి. పొద్దున తనే బండి మీద ఎక్కించుకుని తెచ్చాడు. గుంతలొచ్చినప్పుడల్లా "గట్టిగా పట్టుకో అక్కా" అన్నాడు. కాగితం సంగతీ తనే చెప్పాడు. "నీ వాటా నా పేరుకి రాస్తే ఇల్లు ఒక్క చేతి మీద ఉంటుంది. నువ్వెక్కడికి పోతావు? బతికినంతకాలం ఆ గది నీదే" అన్నాడు. అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పట్నించీ అంతే. నేను చెవులే చూశాను. ఎర్రబడలేదు. అంటే వాడికి తెలీదనేగా? లేకపోతే ఈమధ్య నేర్చుకున్నాడా?

ఏం తెలీదంటారా... వద్దులెండి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

సరే చెబుతాను, మీలోనే పెట్టుకోండి. మొన్న వాడు పనికెళ్ళాక ఇంటికి మేస్త్రీ వచ్చాడు. మా మరదలు పిలిపించింది. "వదినా, నీ గది కొలుస్తాడట, కాస్త జరుగు" అంది. వానొస్తే గోడ కారుతోంది కదా, బాగు చేయిస్తుంది కాబోలనుకున్నాను. ఎంత మురిసిపోయాననుకున్నారు! మిషను నేనే పక్కకి ఈడ్చాను. మేస్త్రీ టేపు లాగుతూ "అమ్మా, ఆ కొస పట్టుకో" అన్నాడు. టేపు కనబడితే నా చెయ్యి ఊరుకుంటుందా? గోడకి ఆనించి నొక్కిపట్టాను. అడ్డం కొలిచాం, నిలువు కొలిచాం, ఇద్దరం కలిసి, మనిషికి చొక్కా కొలత తీసినట్టు. "భలే పట్టావమ్మా" అన్నాడు కూడా. నాకు సిగ్గేసింది.

అప్పుడన్నాడు మా మరదలితో, "వెనక వీధిలో బస్సులాగుతున్నాయి కదమ్మా, ఈ గోడ కొట్టేసి షట్టరు పెడితే షాపుకి దివ్యంగా ఉంటుంది" అని.

టేపు కొస ఇంకా నా వేలి కిందే ఉంది మేడం. పట్టుకోవాలో వదలాలో తెలీలేదు. మేస్త్రీయే లాక్కున్నాడు, సర్రున వేలు కోసుకుపోయింది. మా మరదలు మొహం పాలిపోయింది పాపం. "అదేం లేదొదినా, ఊరికే అంటున్నాడు" అంది. "అవునమ్మా, ఊరికేలే" అన్నాను. దానికి నేనే ధైర్యం చెప్పానండీ! ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ అన్నవాళ్ళెవరో మా ఇంటికొచ్చి చూడలేదు.

తమ్ముణ్ణి అడగకపోయారా అంటారా? అడుగుదామనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అన్నం తింటున్నాడు. తినేవాడి ముందు ఏం ఎత్తుతాం? తిన్నాక ఫోను చూసుకున్నాడు. ఫోను పక్కన పెట్టి "అక్కా, ఈ చొక్కా గుండీ ఊడింది చూడు" అన్నాడు. కుట్టిచ్చి లేచొచ్చాను.

ఏంటీ? వద్దనొచ్చా? "నాకిష్టం లేదు" అంటే చాలా? మీరు ఆపేస్తారా? హవ్వ, అంత తేలికా!

మరి ఆ తర్వాత?

అదే మేడం, ఆ తర్వాత. సాయంత్రం మీరు ఈ గదికి తాళం వేసుకుని మీ ఇంటికెళ్ళిపోతారు. నేనెవరింటికి పోను? వాడి బండే ఎక్కాలి. ఎక్కనిచ్చినా వాడి భుజమే పట్టుకోవాలి. ఇంటికెళ్తే తలుపు తీసేది మా మరదలే. "అత్తా" అని పరిగెత్తుకొచ్చే పిల్లలు తల్లి మొహం చూసి మధ్యలో ఆగిపోతారు. మీ రూలు ఈ తలుపు దాకా చక్కగానే వచ్చింది. మా ఇంటి తలుపు దాకా ఎవరొస్తారు?

ఫిర్యాదా! సొంత తమ్ముడి మీదా? మీకు అన్నదమ్ములున్నారా మేడం? ఉన్నారూ... మరి మీ వాటా?

క్షమించండి. నోరు జారాను. ఆ కాగితాలు సర్దినవే మళ్ళీ ఎందుకు సర్దుతారు, అలా ఉంచండి.

ఒక్క మాట, నవ్వకూడదు. మీరే ఏదో ఒకటి అనెయ్యకూడదూ? ఫోటో మసగ్గా ఉందనో, సంతకం కలవలేదనో. నేను వద్దనకుండా మీరే వద్దంటే? పాము చావాలి, కర్ర విరక్కూడదు అంటున్నాననుకుంటున్నారు కదూ. అవును, అదే అంటున్నాను. నా కర్ర అంత సన్నం మేడం.

కుదరదా? నా నోటితోనే రావాలా?

అక్కడే వచ్చింది చిక్కు. మా అమ్మ కాలంలో అన్నదమ్ములు కాగితం తెచ్చి, వేలు పట్టుకుని సిరాలో ముంచి ముద్ర వేయించుకునేవాళ్ళు. నాకేం తెలుసు, వెయ్యమన్నారు వేశాను అనుకునేది మా అమ్మ. ఆ మాట మీద హాయిగా బతికింది కూడా. నాకు ఆ మాటా లేకుండా చేశారు. తలుపేసి, కుర్చీ వేసి, మర్యాదగా అడిగారు. ఇంక నేను తెలిసి పెట్టినట్టేగా? రేపు షట్టరు పెడుతుంటే ఎవరిననుకోను?

అదుగో, తలుపు కొడుతున్నాడు.

ఆఁ... అయిపోయిందిరా నాన్నా, వచ్చేస్తున్నా!

చూశారా, నా గొంతెంత తియ్యగా వచ్చిందో? ఇందాకట్నించి మీ దగ్గర పీలగా ఉన్నది, వాడు తలుపు కొట్టేసరికి ఎలా లేచొచ్చిందో చూడండి!

ఇటివ్వండి మేడం. కళ్ళజోడు సంచిలో ఉండిపోయింది, సంచి వాడి చేతిలో ఉంది. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించండి. "నా ఇష్టపూర్వకంగా" అని చదివారే, ఆ మాటకి పైనా, కిందా? కిందా. సరే.

మొహం అలా పెట్టకండి. మీ పని మీరు చేశారు. ఇంతసేపు నా మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు, అది మాత్రం నిజం.

గడియ తీసేముందు ఒక్క సాయం. వాడడిగితే, మీ అక్క ఏం మాట్లాడలేదు, చెప్పగానే పెట్టేసింది అనండి. మరి ఇంతసేపెందుకంటే, మీ అక్కకి ఏదీ ఒక పట్టాన బుర్రకెక్కదు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది అనండి.

నమ్ముతాడు.