మూడు పొరల బొంత

వద్దు జమేదార్ సాబ్, గా బొంత మీద కూసోకుండ్రి! కుర్సీ ఉన్నది. జర ఊగుతది గని కుర్సీయే... ఏంది, బొంతే మెత్తగున్నదా? సరే, కూసోండ్రి.

ఎవడు చెప్పిండు మీకు, దర్జీ పర్శరాములు ఇంట్ల చీనా గుడ్డ దాసిండని? చీనోల్లు సరిహద్దు దాటిండ్రని రేడియోల ఇన్నకాడికెల్లి నాకు నిద్ర లేదు. యుద్ధమేమో మంచుకొండల్ల, నేను తలుపు గడియేసుకునేది మన చొప్పదండిల. బల్లి అరిస్తే కత్తెర కింద పడేసేటోన్ని, నేను దేశద్రోహం జేస్తనా సాబ్?

నాకు రాజకీయం తెల్వదు. గజం గుడ్డ తెల్సు. నైజాం కాలంల పసుపు జెండా కుట్టుమన్నరు, కుట్టిన. పోలీస్ యాక్షన్ అయినంక గదే జెండా ఇంట్లుంటే జైలన్నరు. దానికి అప్పుడు మీరు సుత సలాం కొట్టిండ్రు గద... లేదు లేదు, నేనేమన్లే!

ఎనుకనే కమ్యూనిస్టుల ఎర్రజెండా కుట్టుమన్నరు, కుట్టిన. అది ఇంట్ల దొరికినోన్నల్లా పట్టుకపోయిండ్రు. ఎలక్షన్లచ్చినంక గా ఎర్రోల్లే అసెంబ్లీల కూసున్నరు.

ఆరేండ్ల కింద ఊరి పెద్దమనుషులే వచ్చి, 'హిందీ చీనీ భాయి భాయి' అని బ్యానర్ కుట్టుమన్నరు. తెల్లగుడ్డ మీద నీలం అక్షరాలు కత్తిరించి కుట్టిన. జులూస్ల మీరే బందోబస్తు. "మస్తు కుట్టినవ్‌రా" అని నా బుజం తట్టిండ్రు, యాదికున్నదా?

మా ఇంట్ల గుడ్డ పారేసుడు లేదు సాబ్. చిరిగినదైనా, సర్కారు మారినదైనా, మా ఇంటామె కమలవ్వ బొంతలేసి కుడ్తది.

అవ్ సాబ్. గీ బొంతలనే. అన్నిటికన్న కింద నైజామున్నడు, ఆయన మీద ఎర్రోల్లు, వాల్ల మీద భాయిలు, అందరి మీద మీరు. మీ చేతికి ఎత్తుగ తలుగుతున్నదే, అది 'భా'.

కాల్సేద్దమనుకున్న. కమలవ్వకు చలిజ్వరం, ఇంట్ల ఇదొక్కటే బొంత. అగో, వాకిట్ల ఎండకు కూసొని మూలుగుతున్నది.

ఏంది? తడిమితే 'హిందీ' ఉన్నది, 'భాయి' ఉన్నది, 'చీనీ' ఏదంటరా?

...కొట్టనంటే చెప్త.

మొన్న మీ ఠాణా ముంగట కట్టేతందుకు 'చీనీ వాపస్ జావ్' అని బ్యానర్ పొద్దుగూకేవరకు కావాలంటిరి గద? అన్ని అక్షరాలు కత్తిరిచ్చే టైమేది? బొంత ఇప్పి, పాత 'చీనీ'నే తీసి కుట్టిన. మీరు మల్ల నా బుజం తట్టిండ్రు సాబ్.

ఇగ మీ ఇష్టం. గా రెండక్షరాల జాగల బొంత పల్చబడ్డది. కమలవ్వకు ఆడ్నే చలి పెడ్తున్నదట.