పదికి ఎన్ని?

ఉదయం ఆరున్నర. వంటింట్లో బస్సు డ్రైవరు, అతని భార్య.

“ఫోన్ ఇటివ్వు.”

“ఇస్తాను. ముందు ఈ లిస్టు ఎవరిదో చెప్పండి.”

“ఏ లిస్టు?”

“ఏ లిస్టా? మీరు రోజూ వినేది ఇదొక్కటే కదా. నిన్న ముప్పై నాలుగు పాటలూ విన్నారు. మొన్నా ముప్పై నాలుగూ విన్నారు. ఇందులో ఒక్కటంటే ఒక్కటి నేను పంపింది లేదు.”

“నెమ్మదిగా. పాప లేస్తుంది.”

“లేవనీ. దానికీ వచ్చేసింది ఆ ఈల పాట. నిన్న పళ్ళు తోముకుంటూ ఈల వేస్తోంది. ఎక్కడిదే ఇది అంటే, నాన్న పాట అంది. నాన్న పాటట! పదకొండేళ్ళు కాపురం చేశాను, నాన్నకి ఒక పాట ఉందని నాకే తెలీదు.”

“యాప్‌లో అవే వస్తుంటాయి. ఒకటి వింటే దాని వెనకే ఇంకోటి...”

“నా చెవిలో పువ్వులు పెట్టకండి. మీకు పాట అంటూ దొరికిందే నా దగ్గర. మా కుట్టు మిషన్ల దగ్గర రేడియోలో ఏదైనా బాగుంటే, సూపర్‌వైజర్ అటు తిరగ్గానే వెతికి పంపేదాన్ని. మీరేమో పెద్ద పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారిలా మార్కులు. నాలుగు. ఆరు. ఒకసారి సున్నా కూడా వేశారు.”

“ఆ సున్నాకి రెండు రోజులు ఉప్పులేని కూర పెట్టావు.”

“పెట్టనా మరి? పదకొండేళ్ళలో ఒక్కసారైనా పదికి పది వేశారా? అయినా పంపాను. అయిదు నిమిషాల్లో మార్కులు రాకపోతే మళ్ళీ అడిగి మరీ వేయించుకున్నాను. ఇప్పుడు నాలుగు నెలల నుంచి పంపిన పాట పంపినట్టే పడి ఉంటోంది. తెరిచి కూడా చూడట్లేదు.”

“పనిలో కుదరట్లేదు.”

“పని అప్పుడూ ఉంది. మేడ మీద బట్టలు ఆరేసే తీగ దగ్గర గంటలు గంటలు నిలబడి వీటిని వినడానికి మాత్రం కుదురుతోంది.”

“ఫోన్ ఇవ్వు, వెళ్ళాలి.”

“ఇది ఆడపిల్ల లిస్టు. బొమ్మ చూస్తేనే తెలుస్తోంది, పసుపు గొడుగు. మొన్నటిదాకా పేరు ‘వానొస్తే వినేవి’. నిన్న పేరు మారింది. చదవమంటారా? ‘రోజూ వింటున్న మీరెవరు?’ ”

“చదివాను.”

“చదివారా? ఏం జవాబిచ్చారు?”

“ఇంకా ఇవ్వలేదు.”

“ఇంకా ఇవ్వలేదా! అంటే ఇద్దామనే! ఎవరండీ ఈవిడ? మీ బస్సెక్కే మనిషా?”

“నువ్వనుకునేది కాదు.”

“నేనేమనుకుంటున్నానో మీకేం తెలుసు? బస్సెక్కే మనిషా, కాదా?”

“కాదు. సైకిల్ మీద వెళ్ళేది.”

“సైకిలా? సైకిల్ మీద వెళ్ళే... ఆగండి. వెళ్ళేది అన్నారు.”

“ఊఁ.”

“ఆ మలుపు దగ్గర... ఆ అమ్మాయా?”

“ఆ అమ్మాయే.”

“అయ్యో. ఏంటండీ ఇది? చనిపోయిన పిల్ల పాటలు మీకెలా వచ్చాయి?”

“ఫోన్ రోడ్డు మీద పడుంది. అద్దం పగిలింది కానీ పాట ఆగలేదు. చప్పుడు లేదు, కింద గీత మాత్రం కదులుతోంది. తీసి పోలీసుల చేతికిచ్చింది నేనే. ఇచ్చేలోపు కనపడింది, పసుపు గొడుగు, దాని కింద ఆ పేరు. ఇంటికొచ్చి వెతికితే దొరికింది. ఎవరైనా వినొచ్చు. దాచుకోలేదు పిల్ల.”

“దొరికితే మాత్రం! రోజూ వినాలా?”

“ఆ సగంలో ఉన్న పాట ఒక్కటీ చివరిదాకా విందామనుకున్నా. అంతే అనుకున్నా. తర్వాత ఆపలేకపోయా. ఒక పాటలో పాడే ముందు ఎవరో ముసలాయన గొంతు సవరించుకుంటాడు. దాన్ని తీసెయ్యలేదు ఎవరూ, అలాగే ఉంది. ఒకటేమో మనకి తెలియని భాష, ఆ పిల్లకీ తెలిసుండదు. ఈల పాట మూడుసార్లు పెట్టుకుంది. మర్చిపోయి పెట్టుకుందో, మూడుసార్లు వినాలనిపించి పెట్టుకుందో.”

“ఏడవకండి.”

“ఏడవట్లేదు.”

“చొక్కాతో తుడుచుకోకండి, తువ్వాలు ఇదిగో. అయినా ఇదేం చొక్కా? యూనిఫాం ఏది?”

“ఇవాళ డ్యూటీకి వెళ్ళట్లేదు.”

“మరి ఎక్కడికి?”

“వాళ్ళింటికి.”

“ఎవరింటికి?”

“లిస్టు పేరు మార్చింది ఎవరనుకున్నావు? వాళ్ళమ్మే అయ్యుంటుంది, ఆ పిల్ల ఫోన్ ఇప్పుడు ఆవిడ దగ్గరేగా. ఈ లిస్టుని ఒక్కరు సేవ్ చేసుకున్నారని, రోజూ వింటున్నారని అందులో తెలుస్తుంది. ఆ ఒక్కణ్ణి నేనే. ఎవరు మీరు అని అడిగింది. చెప్పాలిగా.”

“ఏమని చెప్తారు? మీ అమ్మాయిని గుద్దింది నేనే, పాటలు బాగున్నాయి అనా?”

“ఏమని చెప్పాలో తెలీదు. వెళ్ళాలని మాత్రం తెలుసు.”

“మీకు మతి గాని పోయిందా? లిస్టు తీసి పారేయండి. వినడం మానేస్తే, ఎవరో విన్నారు, మానేశారు అనుకుంటుంది ఆ తల్లి.”

“నేను మానేస్తే వాటిని ఇంకెవరూ వినరు.”

“విచారణ అయిపోయింది. మీ తప్పేం లేదని కాగితం కూడా ఇచ్చారు. చెవుల్లో పాటలు పెట్టుకుని వెళ్తుంటే హారన్ ఎలా వినపడుతుంది చెప్పండి? బస్సులో ఉన్న ఎనిమిది మందీ అదే చెప్పారు. మీరు మాత్రం ఏం చేస్తారు?”

“హారన్ కొట్టలేదు.”

“ఏంటీ?”

“నేను హారన్ కొట్టలేదు. కొట్టే ఉంటానని వాళ్ళే అనుకున్నారు. నేను నోరు మూసుకుని ఊరుకున్నా.”

“ఎందుకు కొట్టలేదు?”

“ఆ పిల్లని చూస్తేగా కొట్టడానికి. అసలు వెళ్తూ లేదు. ఓ పక్కకి ఆగి ఉంది, ఒక కాలు నేల మీద పెట్టి. అలా నిలబడ్డ పిల్ల చెవుల్లో పాటలుంటే ఏంటి, లేకపోతే ఏంటి? నా తప్పు తీసుకెళ్ళి ఆ చెవుల మీదికి తోసేశాం. వాళ్ళమ్మ కూడా అదే నమ్మి ఉంటుంది. పాటల పిచ్చి వల్లే పోయిందని పోయిన పిల్లని తిట్టుకుంటూ ఉండి ఉంటుంది.”

“నెమ్మదిగా మాట్లాడండి.”

“ఇందాక లేవనీ అన్నావు.”

“ఇందాక నాకేం తెలుసు? ఉద్యోగం ఊడుతుంది. జైల్లో వేస్తారు. పాప మొహం ఎలా చూస్తారు? ఎవరూ అడగని దానికి మీరెందుకు వెళ్ళి చెప్పడం!”

“అడిగిందిగా. నువ్వే చదివావు.”

“నాకొకటి చెప్పండి. పద్దెనిమిదేళ్ళ నుంచి బస్సు నడుపుతున్నారు. అంత ఎండలో, కళ్ళెదురుగా ఉన్న మనిషి కనపడకపోవడమేంటి? నిద్ర ముంచుకొచ్చిందా?”

“లేదు.”

“తల తిరిగిందా? ముందురోజు జలుబు మాత్ర వేసుకున్నారు. దాని వల్లేనేమో. ఆ మాట చెప్పొచ్చు కదా వాళ్ళకి.”

“మాత్ర కాదు. ఫోన్ చూశా.”

“ఫోనా? ఎవరు చేశారు?”

“ఎవరూ చెయ్యలేదు.”

“మరి ఏం చూశారు?”

“వదిలెయ్. టైమవుతోంది.”

“వదలను. ఇంత చెప్పి ఇది దాస్తారేంటి? ఆవిడకి చెప్పేది ముందు నాకు చెప్పి కదలండి.”

“ఆవిడకీ అది చెప్పను. ఫోన్ చూశానని చెప్తా, అంతవరకే. ఏం చూశానో ఎవరికీ చెప్పను.”

“నాకు కూడానా?”

“నీకైతే అసలు చెప్పను. చెప్పకూడదనే కదా నాలుగు నెలలుగా...”

“నాలుగు నెలలుగా ఏంటి?”

“ఏం లేదు. తలుపు దగ్గర్నుంచి తప్పుకో.”

“తప్పుకోను. ఎన్నింటికి జరిగింది అది?”

“ఇప్పుడెందుకు?”

“ఎన్నింటికండీ?”

“ఎనిమిదింపావుకి.”

“ఎనిమిదింపావుకి నేను మిషన్ దగ్గర... కొత్త రంగు దారం ఎక్కిస్తున్నా. రేడియోలో ఒక పాట వచ్చింది. మీకు పంపాను. మార్కులు రాలేదు. మళ్ళీ అడిగాను, పదికి ఎన్ని అని. అప్పుడూ రాలేదు. సాయంత్రం మీరు ఆ కబురుతో వచ్చేదాకా నేను మీ మీద అలిగే ఉన్నాను. ఏవండీ... చెప్పండి. ఆ పాట కాదు కదా?”

“నువ్వు రెండోసారి అడిగినప్పుడే తల దించా. పదికి పది అని రాస్తున్నా.”