కొత్తకాలు ఆఁ అనేదాకా

భయం వేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు దుప్పటి ముసుగుతన్ని పడుకుంటారు. బాబాయి మాత్రం కోతలు కోస్తాడు. భయం గోరంతైతే కోత కొండంత. భయమే కొండంతైతే ఇక ఆ కోతకి ఆకాశం కూడా ఇరుకే. ఈ లెక్క లోకంలో పిన్నికొక్కదానికే తెలుసు. ఏ బళ్ళోనూ చెప్పని లెక్క అది, ఇన్నేళ్ళ కాపురం నేర్పింది.

అందుకే ఆ సాయంత్రం టీకొట్టు బల్లమీద బాబాయి గొంతు సవరించుకుని, "అసలా డ్రైవరు సంగతి మీకెవరికీ చెప్పలేదు కదూ?" అనగానే, కాళ్ళ దగ్గర ఆసుపత్రి సంచీ పెట్టుకుని కూర్చున్న పిన్ని గుండెల్లో రాయి పడింది.

బాబాయి ఒకప్పుడు లిఫ్టుల మెకానిక్కు. ఎంతమందినో ఎన్నో అంతస్తులు ఎక్కించిన మనిషి. ఇప్పుడు తన ఇంటి మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాడు, కమ్మీ పట్టుకుంటాడు, సగం దాటాక పిన్ని భుజం పట్టుకుంటాడు. కుడి మోకాలు అరిగిపోయింది, మార్చాలన్నారు. మొదటిసారి రమ్మన్ననాడు ఎక్కిళ్ళొచ్చాయని మానేశాడు. రెండోసారి ట్యాక్సీ దారిలో ఆగితే తలుపు తీసుకుని దిగి, కుంటుకుంటూనే ట్యాక్సీ కంటే ముందు ఇంటికి చేరాడు. ఈసారి డాక్టరమ్మ పిన్నిని పక్కకి పిలిచి, "ఇంకా తాత్సారం చేస్తే ఆ కాలు వంకరగానే బిగుసుకుపోతుందమ్మా, ఆపైన మంచమే గతి" అంది. సాయంత్రం అయిదులోపు ఆసుపత్రిలో చేరాలి. పిన్ని తెల్లవారే సంచీ సర్దేసింది.

"వెళదాంలేవే. నాలుగింటికి నా పిల్లలు ఎదురుచూస్తారు కదా, వాళ్ళ పని చూసి లేద్దాం" అంటూ టీకొట్టులో చతికిలబడ్డాడు.

పిల్లలంటే పిల్లలు కారు, అందరూ తలలు నెరిసినవాళ్ళే. మోకాళ్ళు మార్చుకుని ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి మంచం మీద వాళ్ళు ఉన్నవాళ్ళు. ఫోన్లో వాళ్ళకొక గ్రూపుంది. ఎంత వింతో చూడండి, చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు, అయినా ఒకరికి ఒళ్ళు వెచ్చబడితే మిగిలినవాళ్ళకి అన్నం సయించదు. ఆ గ్రూపు పెట్టింది ఒక బస్సు డ్రైవరు. ఎక్స్‌రే గది బయట బాబాయి పక్కన కూర్చుని, "మీదెప్పుడయిందండీ?" అని మర్యాదకి అడిగాడు. బాబాయికి లోపల దడదడ. "నాదా? ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు పరుగు పందేలకి పోతున్నా" అనేశాడు. ఆ మాట పట్టుకుని డ్రైవరు ఆయన్ని గ్రూపుకి పెద్దని చేసి కూర్చోబెట్టాడు.

రోజూ నాలుగింటికి అందరూ ఫోన్లో కలుస్తారు. కాలు చాపి మడమ పైకెత్తుతారు, బాబాయి లెక్క పెడుతుంటే దించి మళ్ళీ ఎత్తుతారు. దానికో కట్టుబాటుంది. అందరికంటే ఆఖర్న చేరిన మనిషిని కొత్తకాలు అంటారు. ఆ కొత్తకాలు "ఆఁ" అంటే తప్ప తర్వాతి అంకె చెప్పకూడదు. అప్పటిదాకా మిగతా వాళ్ళ కాళ్ళు గాల్లోనే. తిమ్మిరెక్కినా సరే, పొయ్యిమీద పాలు పొంగినా సరే.

ఆవేళ కొత్తకాలు ఒక టీచరమ్మ. బళ్ళో లెక్కలు చెప్పి చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నావిడ. బాబాయి "ఒకటీ" అన్నాడో లేదో, బిస్కట్ల సీసాకి ఆనించిన ఫోన్లోంచి ఆవిడ ఏడుపు వినిపించింది.

"నావల్ల కాదు అన్నయ్యగారూ. నా ఒక్కదానికోసం ఇంతమంది కాళ్ళు గాల్లో ఎందుకు? నన్ను తీసెయ్యండి గ్రూపులోంచి."

"తీసి పారెయ్యడానికి నువ్వేమైనా బియ్యంలో రాయివా అమ్మా?" అన్నాడు బాబాయి. అని, డ్రైవరు సంగతి ఎత్తుకున్నాడు. ఆయన మనసులో సగం టీచరమ్మని ఓదార్చాలనే ఉంది, అది నిజమే. మిగతా సగం మాత్రం గోడ గడియారం వైపే ఉందని పిన్ని కనిపెట్టింది.

"మన డ్రైవరు కొత్తకాలుగా ఉన్ననాటి మాట. మనిషి గోడలా ఉంటాడు, గుండె మాత్రం పిట్ట గుండె. ఏరా డ్రైవరూ, అవునా కాదా?"

"నువ్వన్నాక అవునే బాబాయ్" అంది ఫోను.

"నేను ఒకటీ అన్నాను. వాడు కాలెత్తాడు. ఎత్తినవాడు ఆఁ అనాలా? అనడే! నొప్పికి దవడ బిగుసుకుపోయింది. నేనేం చేశాననుకున్నారు, పై అంతస్తులో లిఫ్టుని ఆపినట్టు, నా గొంతుతో వాడి కాలిని అక్కడికక్కడే పట్టి నిలబెట్టాను."

"గొంతుతోనా!" అంది టీకొట్టామె, గిన్నెలో పాలు కలుపుతూ.

"మరి? ఇనపతాళ్ళకి వేలాడే పెట్టెల్నే అదిలించి ఆపినవాణ్ణి, నాకు కాలొక లెక్కా? నువ్వు టీ పొయ్యవమ్మా, మధ్యలో రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు ఆఁ అనలేదు గనక నేను రెండు అనకూడదు, నేను రెండు అనలేదు గనక ఎవరూ కాలు దించకూడదు. పొద్దు వాలింది. మన గ్రూపు బేకరీ అక్క ఉంది చూశారూ, ఆవిడ పొయ్యిలో పెట్టిన రొట్టెలు తీసేవాళ్ళు లేక పొంగి, పొంగి, తలుపు తోసుకుని వీధి మలుపు దాకా వెళ్ళిపోయాయి."

పక్క కొట్టు సైకిళ్ళ మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "నడిచి వెళ్ళాయా బాబాయ్, పొర్లుకుంటూ వెళ్ళాయా?"

"పొంగేదానికి కాళ్ళెందుకురా? ఆ రొట్టెని తోసుకుంటూ జనం బయటికొచ్చారు. ఏంటి సంగతంటే ఇదీ సంగతన్నారు. అయ్యో పాపం అని వాళ్ళూ తలో కాలు ఎత్తారు. బస్సులవాళ్ళకి కబురందింది. తోటి డ్రైవరు కదా, అందరూ కాలెత్తారు. కాలెత్తితే ఇక బ్రేకు ఎవడు తొక్కుతాడు, క్లచ్చి ఎవడు తొక్కుతాడు? బస్సులు ఎక్కడివక్కడే! పోలీసాయన లాఠీ ఊపుకుంటూ వచ్చి ఎవడ్రా వీడు అన్నాడు. కొత్తకాలు ఇంకా ఆఁ అనలేదండీ అన్నారు. లాఠీ చంకలో పెట్టుకుని ఆయనా ఎత్తాడు."

ఫోన్లో ముక్కు చీదిన చప్పుడు. ఏడుపు కాస్త సన్నబడింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానం నడిపేవాడి మేనత్త మన గ్రూపులోనే ఉంది. ఆవిడ కబురు పెట్టింది, వాడూ కాలెత్తాడు. విమానం ఆకాశానికి మేకు కొట్టి తగిలించినట్టు ఆగిపోయింది!"

"కిందపడలేదా?"

"కాలు దించితే కదా పడటానికి! వెనకాల వచ్చే మబ్బులు దానికి తగులుకుని ఒకదానిమీదొకటి ఎక్కాయి. వాన మొదలైంది, కానీ సగం దూరం వచ్చి అదీ ఆగింది. చినుకులు నెత్తికి జానెడు ఎత్తులో వేలాడుతున్నాయి. దాహమేసినవాళ్ళు చెయ్యి చాపి కోసుకుని తాగుతున్నారు. కొంగలు మాత్రం ఎప్పుడూ ఒంటికాలి మీదే ఉంటాయి గనక, వాటికి ఏ తేడా తెలియలేదు."

మేస్త్రి పొట్ట పట్టుకున్నాడు. బేకరీ అక్క, డ్రైవరు ఫోన్లో ఒకటే నవ్వు. వాళ్ళ మధ్య టీచరమ్మ నవ్వు కూడా, తడితడిగా. పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. ఇంత కోత ఆవిడ ఎన్నడూ వినలేదు. అంటే ఆ పెద్దమనిషి లోపల ఎంత భయం పెట్టుకుని కూర్చున్నాడో!

"ఏమండీ, టైమవుతోంది" అంది మెల్లగా.

"ఉండవే! భూమి తిరగడం ఆగిపోయే ఘట్టంలో టైమేంటి, అక్కడ టైము కూడా కాలెత్తుకునే ఉంది! ఎక్కడున్నాం? ఆఁ, మనిషన్నవాడల్లా కాలెత్తేసరికి భూమికి బరువు సగమైపోయింది. దారం తెగిన గాలిపటంలా లేచింది పైకి. చంద్రుడు చూసి, ఇటెక్కడికమ్మా అని పక్కకి జరిగాడు. సముద్రాలు ఒలికిపోతాయని జాలర్లు గొల్లుమన్నారు. అప్పుడిక లోకమంతా నావైపు చూసింది. నేను కంగారుపడ్డానా? ఇదిగో, ఇలాంటి బల్లే. దానిమీద హాయిగా బాసింపట్టు వేసుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒరే డ్రైవరూ, లోకం సంగతి నీకెందుకు, నీ కాలు చూసుకో, తొందరేం లేదు అన్నాను. అంతే! వాడి దవడ..."

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం."

టీచరమ్మ. గొంతులో తడి లేదు. వెనక బల్ల పిల్లల్ని లేపి నిలబెట్టే గొంతు అది.

"విమానం ఆగిందన్నారు, సరే. చినుకులు కోసుకుని తాగారన్నారు, అదీ సరే. భూమి లేచిందన్నారు, లెక్క కుదరకపోయినా ఊరుకున్నాను. కానీ బాసింపట్టు ఎలా వేశారండీ?"

"ఎలా అంటే... అందరూ వేసినట్టే."

"మోకాలు మార్చుకున్నవాళ్ళు వెయ్యరు కదండీ. మా డాక్టరుగారు అన్నిటికంటే ముందు చెప్పిన మాటే అది, బాసింపట్టు ఈ జన్మకి మర్చిపోండమ్మా అని."

"నాకూ అదే చెప్పారు" అన్నాడు డ్రైవరు, ఆలోచిస్తున్నట్టు.

"నాకూనూ" అంది బేకరీ అక్క.

"నాది వేరే రకం మోకాలమ్మా, విమానాలకి వాడే ఇనుముతో..." అని మొదలెట్టిన గొంతు, కరెంటు పోయిన లిఫ్టులా మధ్యలో ఆగిపోయింది.

బాసింపట్టు అంటే ఈయనకి ప్రాణం. ఎంత ఎత్తు మేడ మీదైనా, పనయ్యాక అలా కూర్చుని టిఫిను డబ్బా విప్పేవాడు. ఆ కుడికాలు అలా మడతపడి ఎంతకాలమైందో. కథలో లోకాన్నంతా తలకిందులు చేసినవాడు, తనకోసం అడుక్కున్నది ఆ కాస్తే.

"అన్నయ్యగారూ" అంది టీచరమ్మ, ఈసారి చాలా నెమ్మదిగా, "మీది ఇంకా అమ్మ కన్న కాలేనా?"

టీకొట్టామె స్టౌ తగ్గించింది. పిన్ని నోరు తెరిచింది. 'వేరే రకమేనండీ' అని తనూ ఒక మాట అంటే చాలు, మగడి పరువు నిలబడుతుంది, ఈ సాయంత్రమూ గడిచిపోతుంది. తెరిచిన నోరు మూసేసుకుంది. కాళ్ళ దగ్గరున్న సంచీ ఎత్తి, అందరికీ కనబడేలా బిస్కట్ల సీసా పక్కన పెట్టింది.

బాబాయి సంచీని చూశాడు. పిన్నిని చూశాడు. మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "భయమేసి."

అంత చిన్న మాట ఆయన నోట పిన్ని ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు ఒక్కొక్కరే ఫోను పెట్టేస్తారు కాబోలు అనుకుంది పిన్ని, ఇన్నాళ్ళూ మోసపోయామని తిట్టి మరీ పెట్టేస్తారు. ఆవిడ చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఒక్కరూ పెట్టెయ్యలేదు. కాసేపటికి డ్రైవరు నవ్వడం మొదలెట్టాడు, బస్సు స్టార్టయినట్టు, ముందు గురగుర, ఆ తర్వాత గట్టిగా.

"అయితే బాబాయ్, ఇంతకాలం పెద్దకాలనుకున్నాం, మా అందరికంటే కొత్తకాలు నువ్వేనన్నమాట!"

"వెటకారం చెయ్యకురా."

"వెటకారమేంటి, కట్టుబాటు. నీది అయ్యాక నువ్వు ఆఁ అనేదాకా మా కాళ్ళు గాల్లోనే. వారం పట్టనీ, నెల పట్టనీ."

"నా రొట్టెలు ఎక్కడిదాకా పొంగుతాయో పొంగనీ" అంది బేకరీ అక్క.

"మరి లెక్క ఎవరు పెడతారు?" అన్నాడు బాబాయి, పాపం, ఇంకా ఏదో ఒక అడ్డం వెతుక్కుంటూ.

"నేను పెడతాను" అంది టీచరమ్మ. "లెక్కలు చెప్పిందాన్ని, ఆ మాత్రం రాదా? ఇవాళ నన్ను తీసెయ్యమన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరొచ్చేదాకా నేనే పెద్దకాలు."

పిన్ని టీకొట్టామెకేసి చూసింది. ఆవిడ అడక్కుండానే రోడ్డు మీదికెళ్ళి చెయ్యెత్తి ట్యాక్సీ ఆపింది. సైకిళ్ళ మేస్త్రి బాబాయి చంకలో చెయ్యి వేసి లేపాడు. బాబాయి లేచాడు. నాలుగడుగులు వేశాడు. ట్యాక్సీ తలుపు పట్టుకుని నిలబడి, చేతిలో ఫోనుని నోటి దగ్గరగా తెచ్చుకున్నాడు. పిన్ని భయపడింది, మళ్ళీ ఏ కథ ఎత్తుకుంటాడో అని.

"టీచరమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. నొప్పి బాగా ఉంటుందా?"

పిన్ని తన చెవుల్ని తనే నమ్మలేదు. ఈ మనిషి ఇన్నేళ్ళలో ఎవరికైనా చెప్పాడే గానీ, ఎవర్నీ ఏదీ అడిగినవాడు కాడు.

"ఉంటుందండీ" అంది టీచరమ్మ. "అబద్ధమెందుకు, మొదట్లో గట్టిగానే ఉంటుంది. నేను నర్సు చెయ్యి కొరికినంత పనిచేశాను. కానీ అది రోజూ ఒకేలా ఉండదు. పొద్దున్నే మొదటిసారి మంచం దింపి నిలబెడతారు చూడండి, అప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను, వినండి..."

బాబాయి ట్యాక్సీలో కూర్చుని, కుడికాలిని రెండు చేతులతో లోపలికి ఎత్తి పెట్టుకున్నాడు. పిన్ని పక్కన చేరి తలుపు వేసింది. బండి కదిలింది. టీచరమ్మ చెబుతూనే ఉంది. మధ్యలో డ్రైవరు అందుకుంటున్నాడు, బేకరీ అక్క సరిదిద్దుతోంది. బాబాయి ఫోనుని చెవికి అదిమి పెట్టుకుని, అమ్మ పక్కలో కథ వినే పిల్లాడిలా, "ఊఁ" అన్నాడు.